నీళ్ళపన్ను

పొద్దున నాలుగున్నరకి ప్లాంటు మోటారేసి
క్యాన్ల పక్కన కూచుని చదువుతా.
ఒక క్యాను నిండేలోపు
ఒక సమీకరణం తుల్యం చెయ్యాలి.
నాకు నేను పెట్టుకున్న రూలు.
పొంగిపోయిందా, తప్పు రాసినట్టు లెక్క.

కనిగిరి నించి పామూరు పోయే రోడ్డు మీద మా షెడ్డు.
గోడకి ఆవర్తన పట్టిక అంటించా,
ధరల పట్టిక పక్కనే.
క్యాను పది రూపాయలు, ఇంటికి తెస్తే పదిహేను.
మొన్న ఒకాయన పైనించి కిందిదాకా చూసి
"వీటిల్లో మినరల్ వాటర్ ఏదమ్మా" అన్నాడు.

టెన్త్ దాకా తెలుగు మీడియం నేను.
సారు ఎలక్ట్రోనెగటివిటీ అన్నప్పుడల్లా
మార్జిన్లో చిన్నగా రాసుకునేదాన్ని
ఋణవిద్యుదాత్మకత అని.
రాత్రి పైకి చదువుతుంటే
ఋణం దగ్గర మా నాయన లేచి కూచున్నాడు.
ఎవరికే, ఎంత? అన్నాడు.

అందరికంటే ఎక్కువ లాక్కునేది ఫ్లోరిన్.
ఎనిమిది నిండడానికి ఒక్కటే తక్కువ దానికి.
ఆ ఒక్కదాని కోసం ఎవరి గడపైనా తొక్కుతుంది,
వట్టి చేతులతో తిరిగి రాదు.
సారుది తెనాలి. బోర్డు మీద ఎఫ్ అని రాసి
"దీన్ని మీలో ఎవరూ చూసుండరు" అన్నాడు.
వెనక బెంచీల్లో వెలిగండ్ల పిల్లలు,
సీఎస్ పురం పిల్లలు
ఒకరి మొహం ఒకరు చూసుకుని
నోరు మూసుకుని నవ్వారు.
మేమట్లనే నవ్వుతాం.

మా జేజి హుసేనమ్మ నడుము
యాభైకి వంగింది, మళ్ళీ లేవలేదు.
దూదేకి పరుపులు కుట్టిన చేతులు
ముసుగు సర్దుకోడానిక్కూడా ఇప్పుడు పైకి రావు.
ఎముకలో ఒకటుంటుంది జేజీ, ఓహెచ్ అని,
అది లేచిన చోట ఇది వచ్చి కూచుంటుంది
అని చెప్పా.
"అద్దెకా?" అంది.
కాదు, సొంతానికి.
"అయితే ఖాళీ చేయించే చదువు చదవకపోయినావా,
ఈ పళ్ళ చదువెందుకు" అంది.

నిరుడు నా సీటు పోయింది కెమిస్ట్రీలోనే.
మోల్ భావన.
అందుకే ఈసారి మా ఇంటి లెక్కే చేశా.
పాత బోరు నీళ్ళు, లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు.
రోజుకి మూడు లీటర్లు. యాభై ఏళ్ళు.
పందొమ్మిదితో భాగించా.
పదకొండున్నర మోల్స్, మా జేజి తాగింది.
రెండుసార్లు సరిచూశా.
తప్పు రాలేదు.

ఏడాదికోసారి పంచాయతీ వాళ్ళు
నీళ్ళపన్నుకి రశీదు ఇస్తారు.
మేం కట్టిన అసలు పన్నుకి రశీదు లేదు.
అద్దంలో ఉంది,
పై వరసలో నాలుగు, గారపట్టి,
సున్నపు గోడ మీద వాన కారినట్టు.
హాల్‌టికెట్ ఫోటోలో నా పెదాలు
కుట్టేసినట్టు ఉంటాయి.

నిన్న సాయంత్రం ఎదురింటి ఖాజావలి వచ్చాడు,
ఊడిన కింది పన్ను గుప్పెట్లో పట్టుకుని,
ఇంటిపైకి విసరాలంట, వాడికి అందదంట.
ఆరేళ్ళు. పుట్టినప్పటినించి మా క్యాన్ నీళ్ళే.
చేతిలోది కాదు నేను చూడాల్సింది.
నోరు తెరువురా అన్నా.
ఫోన్ టార్చి వేసి వంగి చూస్తే
చిగురులోంచి కొత్తది,
బియ్యపు నూకంత,
అంచున సన్నటి రంపం.
తెల్లగా.
ఇంకా ఎవరికీ బాకీ పడనిది.

అక్కా, నీ పళ్ళు బెల్లం పళ్ళా? అన్నాడు వాడు,
నోరు తెరిచే.
అప్పుడు తెలిసింది నేను నవ్వుతున్నానని,
చెయ్యి అడ్డం పెట్టుకోలేదని.

వెనక క్యాను పొంగి
నీళ్ళు కాళ్ళ కిందికొచ్చాయి.
మైనస్ ఒకటి.